వీధిలో నడిపే టర్బో కారుకి టార్క్ కన్వర్టర్: లూజా, టైటా, లాకప్ కావాలా వద్దా

పోయిన నెల ప్లేనోలో ఉండే మా తమ్ముడులాంటి ఫ్రెండు ఫోన్ చేసి మొదటి మాటే "అన్నా, మస్టాంగ్‌కి టర్బో పెడుతున్నా, కన్వర్టర్ 3,500 స్టాల్ తీసుకోనా, 4,000 తీసుకోనా?" అన్నాడు. టర్బో సైజు ఎంతరా అంటే ఇంకా అనుకోలేదన్నాడు. వెనక గేరు (వెనక ఇరుసులో ఉండే గేర్ల నిష్పత్తి) ఎంత అంటే తెలీదు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్తావా, వారానికోసారి డ్రాగ్ స్ట్రిప్‌కేనా (తిన్నగా పావు మైలు పరిగెత్తే రేసు ట్రాకు) అంటే "రెండూ అన్నా" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నవ్వాను కానీ గట్టిగా నవ్వలేకపోయాను, ఎందుకంటే మూడేళ్ళ క్రితం నేను చేసింది అక్షరాలా అదే, దానికి నేను కట్టిన ఫైను ఒక కన్వర్టర్, ఒక గేర్‌బాక్స్ ఓవర్‌హాల్, ఒక ఎండాకాలం మొత్తం.

నా బండి గురించి ముందే చెప్పేస్తా, లెక్కలన్నీ దాని మీదే ఉంటాయి. 1990 ఫాక్స్ బాడీ మస్టాంగ్. అందులో జంక్‌యార్డ్‌లో దొరికిన సిల్వరాడో పికప్ 5.3 లీటర్ ఇంజను, దాని వెనక 4ఎల్80ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 78 మిల్లీమీటర్ల టర్బో ఒకటి, వెనక 3.27 గేరు, 26 అంగుళాల ఎత్తున్న టైర్లు. ఫోర్డ్‌లో షెవీ (షెవర్లే) ఇంజను పెట్టావా అని తిట్టేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, తిట్టండి, అలవాటైపోయింది.

ఆటోమేటిక్ కారులో ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే డబ్బా ఈ కన్వర్టర్, దాని లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. చిన్నప్పుడు అమ్మమ్మ కవ్వంతో పెరుగు చిలికేటప్పుడు చూసుంటారు, కుండని పాదాలతో నొక్కి పట్టుకోకపోతే కవ్వంతో పాటు కుండా తిరగబోతుంది. కవ్వానికీ కుండకీ మధ్య పెరుగు తప్ప ఏమీ లేదు, అయినా తిప్పే బలం పెరుగు గుండా కుండకి చేరిపోతుంది. కన్వర్టర్ కూడా అంతే, ఇంజను తిప్పే ఇంపెల్లర్ కవ్వం, గేర్‌బాక్స్ షాఫ్టుకి తగులుకునే టర్బైన్ కుండ, మధ్యలో పెరుగు బదులు ఆయిల్. చిక్కటి పెరుగైతే కుండ గట్టిగా లాగుతుంది, అది టైట్ కన్వర్టర్. పలచటి మజ్జిగైతే కవ్వం గిర్రున తిరుగుతుంది, కుండ తాపీగా కదులుతుంది, అది లూజ్ కన్వర్టర్. నిజానికి కన్వర్టర్‌లో ఆయిల్ చిక్కదనం మారదు, రెక్కల కోణాలూ డబ్బా వ్యాసమూ మారతాయి, కానీ ఫలితం మాత్రం ఇదే. ఈ రెండిటి మధ్యలో స్టేటర్ అని మూడో చక్రం ఉంటుంది, టర్బైన్ నుంచి వెనక్కొచ్చే ఆయిల్ దిశ మార్చి మళ్ళీ ఇంపెల్లర్‌కి సాయంగా పంపిస్తుంది, అందువల్లే కదిలే క్షణంలో ఇంజను ఇచ్చిన టార్క్‌కి (తిప్పే బలానికి) దాదాపు రెండింతలు గేర్‌బాక్స్‌కి అందుతుంది. జర్మనీలో హెర్మన్ ఫాటింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం.

స్టాల్ అంటే కుండని కదలకుండా పట్టుకున్నప్పుడు కవ్వం గరిష్ఠంగా ఎంత వేగం తిరగగలదో అది. బ్రేకు నొక్కి పట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజను వేగం ఏ ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) దగ్గర ఇక పెరగకుండా నిలబడిపోతుందో అది. ఇక్కడే అందరం బోల్తా పడతాం. ఎందుకంటే స్టాల్ ఆ డబ్బా ఒక్కదాని లక్షణం కాదు, దాన్ని ఏ ఇంజను తిప్పుతోందో దాన్ని బట్టి అది మారిపోతుంది.

నేను కేటలాగ్‌లో 3,500 అని రాసున్న 9.5 అంగుళాల కన్వర్టర్ కొన్నాను. ఫొటోలో బాగుంది, డిస్కౌంటు కూడా ఉంది. ఆ నంబరు ఏ ఇంజనుకి అని నేను అడగలేదు, అమ్మినవాడూ చెప్పలేదు, బిగించిన షాపువాడూ పట్టించుకోలేదు. తర్వాత తెలిసింది, టర్బో లేని, సుమారు 350 పౌండ్-ఫుట్ టార్క్ ఇచ్చే ఇంజనుకి రాసిన నంబరది. కన్వర్టర్ల పనివాళ్ళ దగ్గర దీనికో చిన్న లెక్క ఉంది, కె-ఫ్యాక్టర్ అంటారు. స్టాల్ ఆర్పీఎంని టార్క్ వర్గమూలంతో భాగించాలి. 350కి వర్గమూలం 18.7, 3,500ని దానితో భాగిస్తే 187. ఒక కన్వర్టర్‌కి ఈ నంబరు దాదాపు స్థిరంగా ఉంటుంది. ఇప్పుడు నా టర్బో బూస్ట్ (ఇంజనులోకి అది అదనంగా ఊదే గాలి ఒత్తిడి) పూర్తిగా ఎక్కాక ఇంజను 600 పౌండ్-ఫుట్ ఇస్తుందనుకోండి, 600 వర్గమూలం 24.5, దాన్ని 187తో గుణిస్తే 4,580. అంటే 3,500 అని కొన్న డబ్బా నా కారులో 4,600 దగ్గర్లో స్టాల్ అవుతుంది. ఇంజనుకి మంచి బలమంతా 5,800 లోపే ఉంటే, కన్వర్టర్ సరిగ్గా పట్టు దొరికించుకునేసరికే కథ సగం అయిపోతుంది.

టర్బో లేని కారుకీ టర్బో కారుకీ తేడా అంతా ఇందులోనే ఉంది. టర్బో లేని ఇంజను టార్క్ పెద్దగా మారదు, కాబట్టి ఒక నంబరు చూసి కొన్నా పెద్ద నష్టం లేదు. టర్బో ఇంజను మాత్రం ఇద్దరు మనుషులు, బూస్ట్ రాకముందు ఒకడు, వచ్చాక ఇంకొకడు. మొదటివాడికి లూజ్ కన్వర్టర్ కావాలి, ఎందుకంటే ఇంజను త్వరగా పైకి లేస్తే తప్ప ఎగ్జాస్ట్ సరిపోయినంత పోదు, టర్బో తిరగదు. రెండోవాడికి టైట్ కన్వర్టర్ కావాలి, లేకపోతే అంత టార్క్‌ని ఆయిల్ పట్టుకోలేక జారుతుంది. కన్వర్టర్ మాత్రం ఒక్కటే, ఒక ఒరలో రెండు కత్తులు. మీరు ఎంచుకునేది ఈ ఇద్దరిలో ఎవరికి ఎంత కోత పెట్టాలన్నది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, రోజూ నడిపే కారుకి అనుమానం వస్తే టైట్ వైపే మొగ్గండి. టైట్ కన్వర్టర్ తప్పయితే సిగ్నల్ దగ్గర కారు అర సెకను బద్ధకంగా కదులుతుంది, అంతే. లూజ్ కన్వర్టర్ తప్పయితే పవరూ పోతుంది, ఆయిలూ మాడుతుంది, గేర్‌బాక్స్ కూడా పోవచ్చు. టైట్‌గా ఉంటే టర్బోని తిప్పడానికి వేరే దారులున్నాయి, టర్బోకే చిన్న టర్బైన్ హౌసింగ్ (ఎగ్జాస్ట్ వచ్చి తిప్పే వైపు డొప్ప) వేయొచ్చు, ట్రాన్స్‌బ్రేక్ పెట్టొచ్చు (అదేంటో కింద చెప్తాను), ట్యూనింగ్‌లో ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగి ఎగ్జాస్ట్ వేడి పెంచొచ్చు. లూజ్‌గా ఉన్నదాన్ని బిగించడానికి మాత్రం విప్పి పంపడం తప్ప దారి లేదు.

జారుడు ఎంత ఉందో మీరే లెక్కేసుకోవచ్చు, పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మైళ్ళ వేగాన్ని వెనక గేరుతో, తర్వాత 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే గేర్‌బాక్స్ నేరుగా 1:1లో ఉన్నప్పుడు ఇంజను ఎంత తిరగాలో వస్తుంది. నా బండి క్వార్టర్ మైలు చివర 118 మైళ్ళతో దాటింది. 118 ఇంటూ 3.27 ఇంటూ 336, బై 26, అంటే 4,987. కానీ డేటా లాగ్‌లో (నడిపేటప్పుడు కంప్యూటర్ రాసుకునే రికార్డులో) ఇంజను 5,900 తిరుగుతోంది. తేడా 913, అంటే పదిహేనున్నర శాతం జారుడు. టైరు వేగానికి కాస్త ఉబ్బుతుంది కాబట్టి అసలు జారుడు ఇంకొంచెం ఎక్కువే. 500 గుర్రాల ఇంజనులో 15 శాతం అంటే 75 హార్స్‌పవర్, అది చక్రాలకి చేరకుండా ఆయిల్‌ని కాగబెట్టడానికి పోతోంది. మన పొలాల్లో 5 హెచ్‌పీ బోరు మోటార్లు పదిహేను ఒకేసారి ఆన్ చేసి, ఆ కరెంటంతా ఒక బానలో హీటర్‌కి పెట్టినట్టు.

డాలస్‌లో ఆగస్టు. 75 ఫ్రీవే మీద సాయంత్రం ఐదున్నర ట్రాఫిక్. గేర్‌బాక్స్ టెంపరేచర్ మీటరు 235 ఫారన్‌హీట్ చూపిస్తుంటే, ఏసీ కట్టేసి, కిటికీలు దించి, పక్కన మా ఆవిడ మొహం చూడకుండా డ్రైవ్ చేశాను. మీటరు 200 దాటకుండా తిరిగితే గేర్‌బాక్స్ హాయిగా ఉంటుంది. 235 రోజూ అంటే ఆయిల్ నల్లబడి, మాడిన వాసనొచ్చి, క్లచ్ ప్లేట్లు ఒక్కొక్కటిగా పోతాయి. నావి పోయాయి.

రెండో కన్వర్టర్ అదే 9.5 అంగుళాలు, కానీ నా బండి వివరాలన్నీ పంపి చేయించింది. ఈసారి 123 మైళ్ళతో దాటింది, ఉండాల్సింది 5,198, లాగ్‌లో 5,560, అంటే ఆరున్నర శాతం. టర్బో మార్చలేదు, బూస్ట్ పెంచలేదు. వీధిలో నడిపే టర్బో కారుకి టాప్ గేర్ చివర్లో జారుడు ఐదు నుంచి ఎనిమిది శాతం లోపు ఉంటే సంతోషంగా ఇంటికెళ్ళొచ్చు, పది దాటితే ఆలోచించండి.

ఇక మీ ముందున్న దారులు ఏంటో చూద్దాం.

కంపెనీ కన్వర్టర్‌నే ఉంచేయడం. దీన్ని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు, తప్పు. టర్బో చిన్నది, బూస్ట్ 2,500 లోపే వచ్చేస్తుంది, బూస్ట్ ఒత్తిడి 6 నుంచి 8 పీఎస్ఐ దాటే ఉద్దేశం లేదు అంటే ముందు కంపెనీదానితోనే నడిపి చూడండి, డబ్బులు మిగులుతాయి. కొత్త కార్లయితే మరీను. ఇప్పటి మస్టాంగ్‌లో వచ్చే 10 గేర్ల ఆటోమేటిక్‌లో గానీ సుప్రాలో వచ్చే జెడ్ఎఫ్ 8 గేర్ల దాంట్లో గానీ గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, కంప్యూటర్ చాలా తొందరగా లాకప్ (ఇంజను వైపునీ గేర్‌బాక్స్ వైపునీ ఒక క్లచ్‌తో నేరుగా కలిపేసి జారుడు ఆపే ఏర్పాటు) వేసేస్తుంది, కాబట్టి స్టాల్ ప్రభావం ఎక్కువగా బయల్దేరే ఆ రెండు సెకన్లకే పరిమితం. అక్కడ కన్వర్టర్ మారిస్తే లాకప్ ట్యూనింగ్ కూడా మార్పించాలి. కంపెనీలు ఈ విషయం ఎప్పుడో గ్రహించాయి, 1986, 87 బ్యూక్ గ్రాండ్ నేషనల్ చూడండి, 3.8 లీటర్ల టర్బో వీ6, 200-4ఆర్ ఆటోమేటిక్, మామూలు బ్యూక్ సెడాన్ల కన్నా ఎక్కువ స్టాల్ ఉన్న కన్వర్టర్ ఫ్యాక్టరీ నుంచే వేసి పంపారు, లాకప్‌తో సహా. టర్బో త్వరగా తిరిగే వెసులుబాటు, హైవే మీద నిమ్మళం, రెండూ ఒకే డబ్బాలో. ఆ ఆలోచన దగ్గరే మనం ఇప్పటికీ ఉన్నాం.

రెండోది కేటలాగ్ కన్వర్టర్. నేను కాలు జారింది ఇక్కడే కాబట్టి నా మాటలో కాస్త కసి ఉండొచ్చు. నాలుగైదు వందల డాలర్లలో దొరుకుతుంది, రెండు రోజుల్లో ఇంటికొస్తుంది. అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి, "ఈ 3,000 అనేది ఎంత టార్క్ దగ్గర?" అని. జవాబు చెప్తే వివరం తెలిసినవాడు, పైన చెప్పిన వర్గమూలం లెక్క వేసుకుని మీ ఇంజనుకి ఎంతవుతుందో చూసుకుని కొనేయండి. "అది మీ కారుని బట్టి ఉంటుంది సార్" అని నసిగితే ఫోన్ పెట్టేయండి. లోపల ఏముందో కూడా అడగాలి. రెక్కల్ని ఫర్నేస్‌లో బ్రేజింగ్ చేశారా, అరిగే వాషర్ల బదులు సూది బేరింగులు వేశారా, బూస్ట్‌లో డబ్బా ఉబ్బకుండా యాంటీ-బెలూనింగ్ ప్లేటు ఉందా అని. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు డబ్బా నిజంగానే పూరీలా ఉబ్బుతుంది, ఉబ్బి గేర్‌బాక్స్ పంపునీ క్రాంక్ థ్రస్ట్ బేరింగునీ నొక్కుతుంది. పూరీ పొంగితే సంతోషమే, ఇది పొంగితే మాత్రం ఇంజను దింపాలి.

మూడోది మీ బండి కోసమే చేయించుకోవడం. లాకప్ లేకుండా అయినా, ఒక్క ప్లేటు లాకప్‌తో అయినా సుమారు ఎనిమిది వందల నుంచి వెయ్యి డాలర్ల చుట్టూ ఉంటుంది, మూడు ప్లేట్ల లాకప్ అయితే ఇంకో మూడు నాలుగు వందలు పైన. రెండు మూడు వారాలు ఆగాలి. ఇక్కడ టెక్సస్‌లో మనకి హ్యూస్టన్‌లో సర్కిల్ డి ఉంది, వేరే రాష్ట్రాల్లో ఇంకా చాలామంది ఉన్నారు. బోల్టులతో విప్పి లోపల స్టేటర్ మార్చుకునే రకాలు కూడా ఉంటాయి, కాన్సస్‌లో విచిటాకి చెందిన నీల్ ఛాన్స్ వాళ్ళవి రేసుల్లో బాగా కనబడతాయి, కానీ వాటి ధర వింటే మన కారు మొత్తం అంత ఉండదనిపిస్తుంది, ఆఫీసుకెళ్ళే బండికి అవి అనవసరం. చాలామంది బిల్డర్లు మొదటిసారి స్టాల్ కుదరకపోతే విప్పి సరిచేసి ఇస్తారు, ఉచితంగానో తక్కువకో. కొనేముందు ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నేను కేటలాగ్ దాని కన్నా దీనికే ఓటేస్తాను.

చేయించుకుంటే బిల్డర్ ఒక ఫారం పంపుతాడు. దాంట్లో అబద్ధాలు రాయకండి, ఇది పెళ్ళి బయోడేటా కాదు. 450 గుర్రాల ఇంజనుకి "800 లక్ష్యం" అని రాస్తే వాడు 800కి సరిపడా టైట్‌గా చేస్తాడు, మీ 450తో టర్బో ఎప్పటికీ లేవదు. మనిషితో సహా కారు బరువు, ఇంజను ఎన్ని లీటర్లు, క్యామ్, కంప్రెషన్, టర్బో కంప్రెసర్ చక్రం సైజు, టర్బైన్ సైజు, హౌసింగ్, ప్రస్తుతం బూస్ట్ ఏ ఆర్పీఎంకి మొదలవుతోంది, ఏ ఆర్పీఎంకి గేరు మారుస్తారు, వెనక గేరు, టైరు ఎత్తు, ట్రాన్స్‌బ్రేక్ ఉందా, ఏ ఊళ్ళో నడుపుతారు. ఊరెందుకు అంటారేమో, డెన్వర్‌లో ఉన్నవాళ్ళకి సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తులో గాలి పలచన, బూస్ట్ లేనప్పుడు ఇంజను నీరసంగా ఉంటుంది, అదే కన్వర్టర్ అక్కడ టైట్‌గా అనిపిస్తుంది.

టర్బో సైజుకి ఎంత స్టాల్ అని తప్పకుండా అడుగుతారు కాబట్టి, 5.3 లీటర్ వీ8కి నా అంచనా చెప్తా, శాసనం కాదు. 62 నుంచి 66 మిల్లీమీటర్ల టర్బోకి 2,600 నుంచి 3,000 మధ్య, 75 నుంచి 78కి 3,000 నుంచి 3,400, 80 దాటితే 3,600 పైన. ఇవన్నీ బూస్ట్ రాకముందు, బ్రేకు మీద చూపించే నంబర్లు. అదే టర్బో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకి పెడితే ఈ లెక్క చెల్లదు, చిన్న ఇంజను అంత ఎగ్జాస్ట్ పుట్టించాలంటే ఇంకా చాలా పైకి లేవాలి. అలాగే స్టేటర్ వల్ల వచ్చే టార్క్ రెట్టింపు విషయంలో, టర్బో లేని కార్లవాళ్ళు 2.2, 2.4 కోసం ఎగబడతారు, మనకి సాధారణంగా 1.7 నుంచి 2 మధ్య చాలు. బూస్ట్‌తో ఎలాగూ టైర్లు తట్టుకోలేనంత టార్క్ ఉంది, ఇంకా రెట్టింపు చేసి పొగ పెట్టడం తప్ప లాభం లేదు. బరువైన పికప్‌కి పెద్ద టర్బో పెట్టినవాళ్ళది మాత్రం వేరే కథ, వాళ్ళకి బూస్ట్ రాకముందు బండి కదలడమే కష్టం కాబట్టి రెట్టింపు కాస్త ఎక్కువున్నా మంచిదే.

గేరు మారినప్పుడు ఏమవుతుందన్నది చాలామంది చూడరు. 4ఎల్80ఈలో మొదటి గేరు 2.48, రెండోది 1.48. 6,000 దగ్గర మారిస్తే రెండో గేరులో ఇంజను 3,580కి పడాలి. 4ఎల్60ఈ అనే ఇంకో ఆటోమేటిక్‌లో మొదటిది 3.06, రెండోది 1.63, అక్కడ 3,200కి పడుతుంది. మీ టర్బో 3,600 దాటితే గానీ నిండుగా ఊదదనుకుంటే 4ఎల్60ఈలో ప్రతిసారీ రెండో గేరులో ఒక ఆవులింత వస్తుంది, దాన్ని మింగడానికి కన్వర్టర్ కాస్త లూజ్‌గా ఉండాల్సిందే. అదే కన్వర్టర్, అదే ఇంజను, గేర్‌బాక్స్ మారితే సరిపడే స్టాల్ మారిపోతుంది. పక్కింటాయన కారులో ఏముందో అదే పెట్టించుకుంటానంటే కుదరదు.

ట్రాన్స్‌బ్రేక్ ఉంటే ఈ మొత్తం గొడవలో మీకు చాలా వెసులుబాటు వస్తుంది. మొదటి గేరూ రివర్సూ ఒకేసారి పట్టించి గేర్‌బాక్స్‌ని లోపలే కట్టిపడేసే ఏర్పాటు అది, బటన్ వదలగానే కారు దూకుతుంది. బ్రేకులు తట్టుకోవాలన్న బెంగ లేదు కాబట్టి టైట్ కన్వర్టర్‌తో కూడా నిలబడ్డచోటే బూస్ట్ పుట్టించొచ్చు. నా ఫాక్స్ బాడీకి వెనక కంపెనీ డ్రమ్ము బ్రేకులే, అవి 3 పీఎస్ఐ బూస్ట్‌కే చేతులెత్తేసి కారుని ముందుకు తోసేసేవి. పెడల్ బ్రేకు మీదే బయల్దేరేవాళ్ళు రెండు మూడు వందల ఆర్పీఎం లూజ్‌గా అడగాలి, ట్రాన్స్‌బ్రేక్ ఉన్నవాళ్ళు అంత టైట్‌గా అడగొచ్చు. కానీ బటన్ మీద వేలు పెట్టి పక్కవాడికి బిల్డప్ ఇస్తూ కూర్చోకండి, కారు కదలనప్పుడు ఇంజను పవరంతా ఆ ఆయిల్‌లోకే పోతుంది, సెకన్లలో కాగిపోతుంది. రెండు మూడు సెకన్లు చాలు. ఇంకోటి, ఇది డ్రాగ్ స్ట్రిప్ సరుకు, ఫ్రిస్కోలో కాస్ట్‌కో ముందు సిగ్నల్ దగ్గర వాడే వస్తువు కాదు.

లాకప్ విషయంలో నాకు మొహమాటం లేదు. హైవే మీద రోజూ అరగంట పైగా తిరిగే కారుకి లాకప్ లేకుండా కన్వర్టర్ పెట్టొద్దు, అంతే. నా లెక్కే చూడండి, 70 మైళ్ళ దగ్గర లాకప్ వేసి ఓవర్‌డ్రైవ్ (హైవే కోసం ఇంజను తక్కువ తిరిగేలా ఉండే చివరి గేరు) 0.75లో ఇంజను 2,219 తిరుగుతుంది. అదే కారులో టీహెచ్400 అనే పాత ఆటోమేటిక్ ఉంటే, దానికి ఓవర్‌డ్రైవూ లేదు లాకపూ లేదు, 2,958, దాని మీద జారుడు అదనం, మూడు వేలు దాటి మోత మోగుతూ పోవాలి. డాలస్ నుంచి హ్యూస్టన్ 240 మైళ్ళు, మూడున్నర గంటలు, ఆ శబ్దంలో. ఒకసారి వెళ్ళొచ్చినవాడు రెండోసారి పిల్లల్ని తీసుకెళ్ళడు. టీహెచ్400 గట్టిది, చవక, వైరింగ్ గొడవ లేదు, డ్రాగ్ స్ట్రిప్‌కే పోయే బండికి నేనూ అదే చెప్తాను. వీధికి మాత్రం 4ఎల్80ఈ, లాకప్‌తో.

లాకప్‌లో ఒక్క ప్లేటా, మూడు ప్లేట్లా అంటే, దాన్ని ఎప్పుడు వేస్తారన్నదే అసలు ప్రశ్న. నెమ్మదిగా హైవే మీద పోయేటప్పుడు మాత్రమే లాకప్ వేసి, యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కగానే విడిపోయేలా ట్యూన్ చేసుకుంటే ఒక్క ప్లేటు ఏళ్ళ తరబడి వస్తుంది. పూర్తి బూస్ట్‌లో టాప్ గేరులో కూడా లాక్ వేసి ఆ చివరి ఆరు శాతం జారుడు కూడా పిండుకోవాలంటే మూడు ప్లేట్లదే తీసుకోండి. ఒక్క ప్లేటు దాన్ని బూస్ట్‌లో లాక్ చేస్తే ఆ ప్లేటు కాలి, ఆ పొడి ఆయిల్‌తో పాటు గేర్‌బాక్స్ అంతా తిరుగుతుంది. మూడు ప్లేట్ల లాకప్ ఉంది కదా అని కన్వర్టర్ మరీ లూజ్‌గా తీసుకునే తెలివితేటలు కూడా చూశాను. లాక్ వేసేలోపు మొదటి రెండు గేర్లూ మజ్జిగలోనే ఈదుతూ గడుస్తాయి.

గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ మాట మర్చిపోకండి. కన్వర్టర్ బడ్జెట్‌లోనే కూలర్ డబ్బులు కూడా పక్కన పెట్టండి, రేడియేటర్ లోపలుండే చిన్న గొట్టం సరిపోదు, ప్లేట్ల రకం పెద్ద కూలర్, దానికో ఫ్యాన్. ఇంటర్‌కూలర్ వెనక, ఏసీ కండెన్సర్ వెనక మూడో వరసలో కూలర్ పెట్టి వేడి తగ్గట్లేదంటే ఎలా తగ్గుతుంది, అప్పటికే కాగిన గాలి దానికొస్తోంది.

మధ్యలో విజయవాడ నుంచి మా బామ్మర్ది కూడా అడిగాడు, తన 1.0 లీటర్ టర్బో వర్టస్ 6 గేర్ల ఆటోమేటిక్‌కి ఇలాంటిది పెట్టొచ్చా అని. అది నిజంగా టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సే, 1.5 టర్బోలో వచ్చే డీఎస్‌జీలా రెండు క్లచ్‌ల రకం కాదు, కాబట్టి ప్రశ్న సబబే. పెట్టొద్దన్నాను. అంత చిన్న టర్బో చాలా కిందే ఊదడం మొదలుపెడుతుంది, దానికి తగ్గ కన్వర్టర్ కంపెనీవాళ్ళే పెట్టారు, నువ్వు టైర్లలో గాలి చూసుకో చాలన్నాను. అలిగాడు.

ఇంతకీ ప్లేనో తమ్ముడికి ఏం చెప్పానంటే, ముందు టర్బో కొను, కంపెనీ కన్వర్టర్‌తోనే నెల రోజులు తక్కువ బూస్ట్‌లో నడుపు, బూస్ట్ ఎక్కడ మొదలవుతుందో లాగ్ తీసుకో, ఆ లాగ్ బిల్డర్‌కి పంపు, నంబరు నువ్వు చెప్పకు, వాణ్ణి చెప్పనివ్వు. పోయిన వారం ఫారం పంపాడట, బిల్డర్ 3,100 అన్నాడట, "తక్కువ కదన్నా" అని మళ్ళీ ఫోన్. తక్కువ కాదు, బూస్ట్ వచ్చాక అదే పెరుగుతుందిరా అని వర్గమూలం మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

బిగించేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోమన్నాను. కన్వర్టర్‌లో ముందుగా ఒక క్వార్ట్ ఆయిల్ పోసి, షాఫ్టు మీదికి తోస్తూ తిప్పుతూ ఉంటే అది ఒక్కో మెట్టు లోపలికి దిగుతుంది, చేతికి టక్కుమని తెలుస్తుంది. పంపులో చివరిదాకా దిగకుండానే గేర్‌బాక్స్‌ని ఇంజనుకి ఆనించి బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. పూర్తిగా దిగితే గేర్‌బాక్స్ ఇంజనుకి బిగించాక కూడా కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేటుకీ (కన్వర్టర్‌ని బిగించే, ఇంజను వెనక తిరిగే పలకకీ) మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా సందు ఉంటుంది, చేత్తో తిప్పితే సులువుగా తిరుగుతుంది. ఆ సందు లేకుండా గట్టిగా ఆనుకుపోయి ఉంటే రెంచీ కింద పెట్టి, గేర్‌బాక్స్ వెనక్కి జరిపి మళ్ళీ మొదలుపెట్టాలి, అర్ధరాత్రి ఒంటిగంటైనా సరే.